డాప్లర్ రిపోర్టులో శాతం ఒక్కటే రాస్తే చాలదు

సంపాదకులకు,

మెడ రక్తనాళాల డాప్లర్ (శబ్దతరంగాలతో రక్తవేగం కొలిచే స్కాన్) రిపోర్టులు చాలావాటిలో చివరికి ‘కుడి కరోటిడ్‌లో 60 శాతం బ్లాక్’ అన్న ముక్కే మిగులుతోంది. కరోటిడ్ అంటే మెడలోంచి తలకు రక్తం తీసుకెళ్లే ధమని. దేంతో పోల్చి 60? పూడిక దగ్గర దారి 2 మిల్లీమీటర్లు, దానిపైన నాళం బాగున్నచోట 5 ఉంటే ఉత్తర అమెరికా అధ్యయనం వాడిన నాసెట్ పద్ధతిలో 60 శాతం. పూడక ముందు అక్కడ 8 ఉండేదని అంచనా కట్టే యూరోపియన్ పద్ధతిలో అదే నాళం 75 శాతం! ఆపరేషన్ నిర్ణయమేమో ఈ అంకె మీదే ఆధారపడుతుంది.

అసలు డాప్లర్ ప్రధానంగా కొలిచేది వేగాన్ని. ఇంటర్నల్ కరోటిడ్‌లో (మెదడుకు వెళ్లే కొమ్మలో) గరిష్ఠ వేగం సెకనుకు 125 సెంటీమీటర్లలోపైతే పూడిక 50 శాతం కన్నా తక్కువ, 230 దాటితే 70 లేక ఆపైన అని 2003లో అచ్చయిన అమెరికా రేడియాలజిస్టుల ఏకాభిప్రాయ పట్టిక. శబ్దతరంగానికీ రక్తప్రవాహానికీ మధ్య కోణం 60 డిగ్రీలు మించకూడదు. ఆ 60 దగ్గర, ప్రవాహం దిశ చూపేందుకు పెట్టే గీత 5 డిగ్రీలు తప్పితే వేగం సుమారు 15 శాతం తప్పుతుంది. 45 దగ్గరైతే 9. రెండోవైపు నాళం పూర్తిగా మూసుకుపోతే ఇటు ప్రవాహం పెరిగి, పూడిక ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఇంకా ప్రమాదకరమైనది దీనికి ఎదురు: వెంట్రుకంత దారి మిగిలిన నాళంలో వేగం పడిపోయి, అంకె మామూలుగానే ఉంటుంది. అందుకే బొమ్మ చూడకుండా అంకెను నమ్మకూడదు.

కంప్యూటర్‌లో రక్తప్రవాహాన్ని లెక్కగట్టే నమూనాల మీద ఈమధ్య ఆశలు పెరిగాయి. సీటీ యాంజియో (మందు ఎక్కించి తీసే రక్తనాళాల సీటీ స్కాన్) నుంచి నాళం లోపలి ఆకారం గీసి, చిన్న గళ్లుగా విడగొట్టి, డాప్లర్ వేగాన్ని నాళం మొదట్లో ఇచ్చి, గోడ మీద రాపిడి ఎంతో తేలుస్తారు. నాళం చీలేచోటి ఉబ్బులో రక్తం మందగించి వెనక్కి తిరిగే చోటే కొవ్వు పేరుకుంటుందని అర్థం చేసుకోవడానికి ఇవి బాగా పనికొచ్చాయి. కానీ ప్రవాహం అంతే అనుకుంటే, రాపిడి వ్యాసం ఘనానికి విలోమంగా మారుతుంది. 2 మిల్లీమీటర్ల దారిని 1.5గా గీస్తే (సీటీలో ఇంచుమించు ఒక్క చుక్క తేడా) రాపిడి 2.4 రెట్లు అవుతుంది. కాల్షియం మెరుపు అలుముకుని దారిని సన్నగా చూపేదీ సరిగ్గా అక్కడే. నమూనా ఇచ్చే రంగుల బొమ్మ మాత్రం ఎప్పుడూ ముచ్చటగానే వస్తుంది.

కాబట్టి రిపోర్టులో రెండువైపులా గరిష్ఠ వేగం, డయాస్టోల్ (గుండె సడలే దశ) చివరి వేగం, చీలక ముందరి కామన్ కరోటిడ్‌లోని వేగంతో నిష్పత్తి, కోణం, శాతం ఏ పద్ధతిలోదో తప్పక రాయాలి. ఐదారు పంక్తుల్లో పట్టే సంగతి.

— రేడియాలజీ వైద్యులు, విశాఖపట్నం