ఫోను పాఠం కంప్యూటర్ పీరియడ్‌కు వదిలేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

ప్రాథమిక పాఠశాలల్లో డిజిటల్ క్షేమం గురించి, అంటే ఫోను, ఇంటర్నెట్ వల్ల హాని కలగకుండా మెలగడం గురించి, బోధించాలన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. సంతోషమే. అయితే పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు, ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడకూడదు అనే రెండు మూడు హెచ్చరికలు కంప్యూటర్ పీరియడ్‌లో వల్లె వేయించి చేతులు దులుపుకుంటారేమోనని నాలుగో తరగతికి పాఠాలు చెప్పే నాకు భయంగా ఉంది.

నిరుడు మా తరగతిలో ఒక అమ్మాయి వారం రోజులు ఎవరితోనూ కలవకుండా ముడుచుకుని కూర్చుంది. తోటి పిల్లలు ఆమె ఫొటోను స్టిక్కర్‌గా మార్చి, తల్లుల ఫోన్ల నుంచి ఒకరికొకరు పంపుకుని నవ్వుకున్నారని ఆలస్యంగా తెలిసింది. ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగితే, ‘చెబితే ఇంక ఫోను ఇవ్వరు టీచర్’ అంది. స్టిక్కర్ చేసిన పిల్లవాడు చెడ్డవాడేమీ కాదు. ఎదురుగా నిలబడి వెక్కిరించి ఉంటే ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆగిపోయేవాడే. ఫోనులో వాడికి ఆ ముఖం కనిపించలేదు. వాడికి కావలసిన పాఠం తోటివారితో మెలగడం గురించినది, ఆమెకు కావలసినది భయపడకుండా పెద్దలకు చెప్పుకోవడం గురించినది. ఇంగ్లండులో 2020 సెప్టెంబరు నుంచి ప్రాథమిక స్థాయిలో తప్పనిసరి చేసిన ఆరోగ్య విద్యలోనే ఇంటర్నెట్ వల్ల కలిగే హానిని కూడా చేర్చారు. ఆ అమరిక నాకు సబబుగా తోస్తుంది.

మొన్న తరగతిలో ఒక చిన్న వీడియో పెట్టి, అది అయిపోయాక చేతులు కట్టుకుని నిలబడ్డాను. కొన్ని క్షణాల్లో మరొకటి దానంతటదే మొదలైంది. ‘ఎవరు నొక్కారు?’ అంటే పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నొక్కనక్కర్లేకుండా, మనం లేచి వెళ్లకుండా ఉండేందుకే దాన్ని అలా తయారుచేశారని చెప్పాను. మరునాడు ముగ్గురు పిల్లలు, వీడియో దానంతటదే మొదలయ్యేలా చేసే ఆ ఆటోప్లేను ఎలా ఆపాలో నాకే నేర్పించారు. (నా ఫోనులో అప్పటిదాకా అది ఆన్‌లోనే ఉందని ఒప్పుకోక తప్పదు.)

వయసు నిబంధనలు ఉన్నాయి కదా అనవచ్చు. చాలా సామాజిక మాధ్యమాలు 13 ఏళ్లు నిండనివారికి ఖాతా ఇవ్వమంటాయి; ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి ఆ హద్దును 16కు పెంచింది. కానీ మా పిల్లల్లో ఎవరికీ సొంత ఖాతా లేదు. అంతా అమ్మ ఫోనులోనే జరిగింది.

అందువల్ల విద్యాధికారులు పాఠ్యాంశం రూపొందించేటప్పుడు దీన్ని తరగతి ఉపాధ్యాయులకే అప్పగించి, వారికి తగిన శిక్షణ ఇవ్వాలని కోరుతున్నాను. తల్లిదండ్రుల సమావేశంలోనూ ఒక్క మాట అడిగి ఒప్పించాలి: బిడ్డ వచ్చి జరిగింది చెప్పిన రోజున మాత్రం ఫోను లాక్కోవద్దని.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు