బ్యాటరీ మార్చే ముందు మీటరు పెట్టి చూపాలి

సంపాదకులకు నమస్కారం.

పొద్దున్నే బండి సెల్ఫ్ తీసుకోకపోతే బ్యాటరీ పోయిందని అక్కడికక్కడే తేల్చేసి, వెయ్యో రెండు వేలో పెట్టి కొత్తది వేయించుకోవడం మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. కొత్త బ్యాటరీ నిండుగా ఛార్జింగుతో వస్తుంది కనుక బండి వెంటనే లేస్తుంది. యజమాని సంతోషపడతాడు, మెకానిక్ కూడా తాను చెప్పిందే నిజమని నమ్ముతాడు. అసలు లోపం బ్యాటరీని నింపే వ్యవస్థలో ఉంటే మాత్రం కొన్ని వారాలకే ఆ కొత్త బ్యాటరీ కూడా దిగిపోతుంది. ఈ వృథా ఖర్చును చాలావరకు ఇంటి దగ్గరే ఆపవచ్చునని, అందుకు వోల్టేజీ కొలిచే కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలునని మీ పత్రిక ద్వారా తోటి పాఠకులకు తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఒకప్పుడు బ్యాటరీ దిగినా కిక్ కొట్టి వెళ్లిపోయేవాళ్లం. ఇప్పుడు ఆ వీలు తగ్గింది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాల్లో ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైట్ వెలిగే ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక చాలా బండ్లలో కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, అనేక మోడళ్లకు కిక్ రాడ్డే లేకుండా పోయింది. పెట్రోలు పంపు, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ అన్నీ కరెంటు మీదే నడుస్తాయి కాబట్టి బ్యాటరీ పూర్తిగా దిగితే తోసి స్టార్ట్ చేద్దామన్నా బండి అంత తేలిగ్గా లేవదు. రాత్రివేళ పాలకేంద్రానికో ఆసుపత్రికో బయలుదేరిన మనిషి ఊరిబయట చిక్కుకుపోతే ఆ ఇబ్బంది ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఛార్జింగ్ వ్యవస్థలో ఉండేవి ప్రధానంగా మూడే. ఇంజిన్‌తోపాటు తిరిగే మ్యాగ్నెట్ మధ్యలో రాగితీగ చుట్టిన కాయిల్ ప్లేట్ ఏసీ కరెంటు పుట్టిస్తుంది, ఆర్.ఆర్. (రెగ్యులేటర్-రెక్టిఫైయర్) యూనిట్ దాన్ని డీసీగా మార్చి వోల్టేజీ హద్దు దాటకుండా చూస్తుంది, బ్యాటరీ దాన్ని నిల్వ చేసుకుంటుంది. ఈ మూడింటినీ కలిపే వైర్లు, వాటి కొనల్ని జోడించే ప్లాస్టిక్ కప్లర్లు, బండి బాడీకి కలిపే ఎర్తు చెడడమే నేను ఎక్కువగా చూసిన లోపం. విచిత్రమేమిటంటే అందరూ ఆఖరున చూసేదీ దాన్నే.

పరీక్షను బ్యాటరీతోనే మొదలుపెట్టాలి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక మీటరు పెడితే ఆరోగ్యంగా నిండి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు, ఆపైన చూపుతుంది. 12 దగ్గరికి వచ్చిందంటే దిగిపోయినట్లే. దాన్ని బయట ఛార్జరుతో నింపిన తరువాతే మిగతా పరీక్షలు చేయాలి, లేకపోతే కొలతలు తప్పుదారి పట్టిస్తాయి. నిండిన బ్యాటరీ సెల్ఫ్ నొక్కినప్పుడు 10 వోల్టుల కంటే బాగా కిందికి పడిపోతుంటే అప్పుడు నిజంగానే బ్యాటరీది తప్పు. అలా కాకపోతే బండిని ఆరుబయట సెంటర్ స్టాండు మీద న్యూట్రల్‌లో నిలిపి, స్టార్ట్ చేసి, ఇంజిన్ నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరిగేలా యాక్సిలరేటర్ పట్టుకుని బ్యాటరీ కొనల దగ్గర వోల్టేజీ చూడాలి. అది సుమారు 13.5 నుంచి 14.8 మధ్య ఉంటే ఛార్జింగ్ సవ్యంగా ఉన్నట్లు. 13 దాటకపోతే ఛార్జింగ్ ఎక్కడం లేదు. 15 దాటి పోతుంటే ఆర్.ఆర్. యూనిట్ హద్దు పెట్టలేకపోతోంది, ఆ స్థితిలో బండి నడిపితే బ్యాటరీ ఉడికిపోవడమే కాకుండా బల్బులు, కంప్యూటర్ కూడా దెబ్బతినవచ్చు.

ఇక్కడొక హెచ్చరిక చేయక తప్పదు. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ వైరు పీకి, బండి ఆగిపోతుందో లేదో చూసే పాత అలవాటు కొందరిలో ఇప్పటికీ ఉంది. ఇంజెక్షన్ బండ్లలో ఆ పని ఎప్పుడూ చేయకూడదు. ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీకి వేల రూపాయల కంప్యూటర్ కాలిపోయే ప్రమాదం ఉంది. బ్యాటరీ విప్పవలసి వస్తే ఇంజిన్ ఆపి, ముందు నెగటివ్ వైరు తీయాలి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించాలి.

ఛార్జింగ్ తక్కువగా ఉంటే కాయిల్ ప్లేటు నుంచి వచ్చే కప్లర్ విప్పి కళ్లతో చూడాలి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, కరిగినా, పిన్నులు పచ్చగా చిలుము పట్టినా లోపం సగం దొరికినట్లే. మూడు పసుపు వైర్లు వచ్చే త్రీఫేజ్ బండి అయితే, కప్లర్ విప్పిన ఆ స్థితిలోనే స్టార్ట్ చేసి మీటరును ఏసీలో పెట్టి, రెండేసి వైర్ల మధ్య కొలవాలి. వేగం పెంచితే సాధారణంగా 50 వోల్టుల పైనే వస్తుంది, చేతికి తగిలితే షాక్ కొడుతుంది కనుక జాగ్రత్త అవసరం. అంకె ఎంతన్నదానికంటే మూడు జతల్లోనూ ఒకేలా ఉందా లేదా అన్నది ముఖ్యం. ఒక జత తగ్గితే చుట్టలో ఒక భాగం కాలినట్లు. ఇంజిన్ ఆపాక పసుపు వైరుకూ బాడీకీ మధ్య కంటిన్యూటీ (కరెంటు పారే దారి) చూపినా కాయిల్ ఎర్తయినట్లే. అయితే చిన్న సింగిల్‌ఫేజ్ బండ్లు కొన్నింటిలో చుట్ట ఒక కొనను బాడీకి కలిపే తయారుచేస్తారు. అక్కడ ఇదే కొలత చూసి మంచి కాయిల్‌ను పారేయకూడదు.

కాయిల్ బాగుంటే, కప్లర్ తిరిగి కలిపి ఇంజిన్ నడుస్తుండగా ఆర్.ఆర్. యూనిట్ పాజిటివ్ వైరుకూ బ్యాటరీ పాజిటివ్‌కూ మధ్య, తరువాత యూనిట్ ఎర్తుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య డీసీ వోల్టేజీ చూడాలి. 0.3 వోల్టు దాటిందంటే ఆ దారిలో ఎక్కడో వదులు కనెక్షనో తుప్పో కరెంటును తినేస్తోంది. గీకి, శుభ్రం చేసి, కాలిన పిన్నులు మార్చి గట్టిగా క్రింప్ చేస్తే (నొక్కి బిగిస్తే) సరిపోయే ఈ పనికి బదులుగా ఎందరో బ్యాటరీ, యూనిట్, కాయిల్ వరుసగా మార్పించుకుంటున్నారు. ఆర్.ఆర్. యూనిట్‌ను నేరుగా మీటరుతో తేల్చడం నమ్మదగిన పద్ధతి కాదు. మిగతావన్నీ బాగున్నాయని తేలాకే దాన్ని మార్చాలి. వేడి పోవడానికి ఉండే దాని లోహపు రెక్కల మీద పేరుకున్న బురదను కడగడం, గాలి తగిలేచోట ఉంచడం మన ఎండలకు ఎంతో అవసరం.

ఛార్జింగ్ బాగానే ఉన్నా బ్యాటరీ దిగుతుంటే అదనంగా తగిలించిన వస్తువుల వైపు చూడాలి. తాళం తీసేశాక కూడా ట్రాకరో అలారమో 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే 5 ఆంపియర్ అవర్ బ్యాటరీ కదలకుండా ఉన్నా నాలుగు రోజుల్లో ఖాళీ అవుతుంది. చెరో 20 వాట్ల ఎల్ఈడీ ఫాగ్ లైట్లు రెండు బిగిస్తే 35 వాట్ల హెడ్‌లైట్‌ను మించిన భారం అదనంగా పడుతుంది. చిన్న బండి కాయిల్ అంత మోయలేదు.

కాయిల్ మార్చే పని మాత్రం మెకానిక్‌కే వదలడం మంచిది, ఎందుకంటే ఇంజిన్ కవరు విప్పడం, ఆయిల్ తీయడం, కొత్త గ్యాస్కెట్ వేయడం అందరి చేతిలో పని కాదు. వ్యవసాయ మోటార్లు చుట్టే వైండింగ్ షాపులు మన మండల కేంద్రాల్లో ఎన్నో ఉన్నాయి. ఎక్కువ వేడికి ఓర్చే ఎనామిల్ తీగ వాడి సరైన చుట్లు చుట్టగలవారు దొరికితే పాత కాయిల్‌ను బాగుచేయించుకోవచ్చు కూడా.

ఈ సందర్భంగా సంబంధితులకు రెండు విన్నపాలు. వాహనాలు సహా నాలుగు రంగాల్లో మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా ప్రారంభించింది. ఆ స్ఫూర్తితో తయారీ సంస్థలు ప్రతి మోడల్‌కూ ఛార్జింగ్ వోల్టేజీ ఎంత ఉండాలో, కాయిల్ కొలతలేమిటో, వైర్ల రంగులేమిటో బండితో ఇచ్చే పుస్తకంలోనే తెలుగులో అచ్చువేయాలి. సర్వీసు కేంద్రాలు, బ్యాటరీ దుకాణాలు పాత బ్యాటరీ తీసే ముందు ఇంజిన్ ఆపినప్పటి, నడుస్తున్నప్పటి రెండు రీడింగులూ కొనుగోలుదారుకు చూపి, వాటిని బిల్లు మీద రాసివ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎలక్ట్రీషియన్,
తెనాలి.