జూనిపర్‌కు మర్రి పద్ధతి చెల్లదు

సంపాదకులకు నమస్కారం.

లాల్‌బాగ్ ఫలపుష్ప ప్రదర్శన చూసి మురిసి జూనిపర్ (దేవదారు వంటి సతతహరిత జాతి) బోన్సాయ్‌ను, అంటే కుండీలో పెంచే మరుగుజ్జు చెట్టును, కొన్నవారు, ఏళ్లు గడిచినా అది ఆకారం లేని పచ్చగుబురుగానే మిగిలిపోవడంతో విసిగి, ఒక్కపూటలో కొమ్మలన్నీ నరికి కుండీ కూడా మార్చేయడం మన బెంగళూరు మిద్దెతోటల్లో కనబడుతూనే ఉంది. మోడునుంచైనా చిగురించే మర్రి, రావి జాతులకు ఇది చెల్లుతుందేమో గాని, జూనిపర్ కొమ్మకు పచ్చదనమంతా తీసేస్తే అది సాధారణంగా ఎండిపోతుంది. అందుచేత పొడవు తగ్గించదలచినా కొంత ఆకును తప్పక నిలపాలి.

నిజానికి కత్తెర కంటే ముందు చూపు పనిచేయాలి. పైమట్టిని మెల్లగా తొలగించి వేళ్లు విచ్చుకునే చోటును బయటపెడితే కాండం అసలు వంపు తెలుస్తుంది. మొక్కను కాస్త వాల్చి చూస్తే చప్పగా ఉన్న నిటారు కాండానికే కొత్త ముఖం దొరకవచ్చు. అక్కరలేని కొమ్మను మొదలంటా కోయకుండా చిన్న మోడుగా ఉంచి, బెరడు ఒలిస్తే అది వయసు మీరిన చెట్టు ఎండుకొమ్మను తలపిస్తుంది (జపాన్‌వారు దీనిని జిన్ అంటారు). మిగిలిన కొమ్మలకు వాటి మందంలో మూడోవంతు ఉండే అల్యూమినియం తీగ చుట్టి వంచాలి, అది బెరడులో దిగకముందే తీసేయాలి. కుండీ మార్పిడిని మొక్క తేరుకున్నాకే తలపెట్టాలి.

మీ తోటపని శీర్షికలో జూనిపర్ వంటి జాతులకు విడిగా సూచనలు ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మల్లేశ్వరం, బెంగళూరు