నా ప్రూఫులు ఎక్కడున్నాయో చెప్పేవారే లేరా?

ప్రచురణ సంస్థ నిర్వాహకులకు,

నమస్కారం. నా మొదటి కథల సంపుటి కోసం 2024 జూలైలో మీకు 42 వేల రూపాయలు కట్టాను. పుస్తకం ఆలస్యమైందని ఈ ఉత్తరం రాయడం లేదు. నన్ను మనిషిగా లెక్కచేయనందుకు రాస్తున్నాను.

సెప్టెంబరులో మీరు పంపిన ప్రూఫుల్లో, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి ఇచ్చే పేజీల్లో, నేను టైపు చేసిన యూనికోడ్ నుంచి అచ్చుకు వాడే అనూ ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోయాయి. ‘అత్త’ అని రాసిన చోటల్లా ‘అత’ అని ఉంది. ఆ కథ మొత్తం అత్తదే. పిల్లవాణ్ణి పడుకోబెట్టి, తొమ్మిది రాత్రులు కూర్చుని 136 పేజీలు ఎర్రసిరాతో దిద్ది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు మీ ఆఫీసు ముద్ర, సంతకం ఉన్న కార్డు నా దగ్గర ఉంది.

అక్టోబరులో ఫోను చేస్తే ‘డీటీపీలో ఉందండీ’ అన్నారు, అంటే కంప్యూటరులో పేజీలు కూర్చే దగ్గర. డీటీపీ చేసే ఆయన తన దాకా ఏమీ రాలేదని, ఎడిటర్ గారిని అడగమని అన్నారు. ఎడిటర్ గారు ఉద్యోగం మానేశారని మూడో ఫోనులో తెలిసింది. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు నా పుస్తకం వస్తుందని మాట ఇచ్చింది మీరే. నిజామాబాద్ నుంచి బస్సెక్కి మీ స్టాలుకు వచ్చాను. కౌంటరులో ఉన్నాయన నా పేరు రెండుసార్లు అడిగి, ‘ప్రూఫులు ఇంకా మీ దగ్గరే ఉన్నాయి కదమ్మా’ అన్నారు. వెనక జనం నిలబడి ఉండగా సంచిలోంచి ఆ కార్డు తీసి చూపించాను. దాన్ని ఫోటో తీసుకుని, సోమవారం ఫోను చేస్తామన్నారు. ఇప్పుడు జూన్ వచ్చింది. ఆ ఫోను రాలేదు.

డిగ్రీ చదివే రోజుల నుంచి ఏటా ఆ ప్రదర్శనలో మొదట మీ స్టాలుకే వచ్చేదాన్ని. ఆ నమ్మకంతోనే రాతప్రతి మరెవరికీ చూపించలేదు. పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు 2 వేలు అడిగితే మారుమాట లేకుండా ఇచ్చాను. కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుందని తర్వాత తెలిసింది. సాహిత్య అకాదెమీ యువ పురస్కారానికి 35 ఏళ్లు దాటకూడదు. నాకు 34 నిండాయి. బహుమతి వస్తుందని కాదు, పరిశీలనకు పంపడానికైనా చేతిలో పుస్తకం ఉండాలి కదా! కొత్తవాళ్లకు అండగా ఉంటామని మీ కరపత్రంలో రాసుకున్నారు. ఆ మాట నమ్మే వచ్చాను.

పదిహేను రోజులు చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు. మీకు డబ్బు కట్టిన మిగతా కొత్త రచయితలనూ వెతికి కలుపుకుంటాను.

డబ్బు తిరిగి ఇస్తారో, పుస్తకం వేస్తారో తేల్చి రాతపూర్వకంగా చెప్పండి. ముందు నేను దిద్దిన ఆ 136 పేజీలు ఎవరి బల్ల మీద ఉన్నాయో వెతికించండి. వాటికి నకలు తీసుకోలేదు.

ఇట్లు,
మీకు రాతప్రతి ఇచ్చిన రచయిత్రి,
నిజామాబాద్