పాత గుడి పడగొట్టే ముందు

సంపాదకులకు నమస్కారం.

గత నెల మా సంఘ సమావేశంలో, గుండ్లకమ్మకు దక్షిణాన ఉన్న మా ఊరి పాత బాప్టిస్టు క్రైస్తవ ప్రార్థన మందిరాన్ని పడగొట్టి అదే చోట శ్లాబు మందిరం కట్టాలన్న తీర్మానం చదివినప్పుడు చేయెత్తని ముగ్గురిలో నేనొకణ్ణి. ఆ రోజు లేచి చెప్పలేకపోయిన మాటలను మీ పత్రిక ద్వారా చెప్పుకుంటున్నాను. ఇది మా ఒక్క ఊరి గొడవైతే మీ దాకా తెచ్చేవాణ్ణి కాదు. ఒంగోలు నుంచి కందుకూరు వైపు, కనిగిరి వైపు వెళ్లే దారుల్లో పల్లెపల్లెకూ ఇలాంటి కట్టడం ఒకటి ఉండేది. మందిరాలు తగ్గాయని కాదు, నిజానికి పెరిగాయి. పాతవే ఒక్కొక్కటిగా నేలమట్టమవుతున్నాయి.

మా మందిరానికి మెదక్ చర్చికి ఉన్నట్లు ఆకాశానికెగసే శిఖరం గానీ, రంగుటద్దాల కిటికీలు గానీ లేవు. పొడవాటి ఒకే గది, రెండడుగుల మందం ఇటుక గోడలు, తాటి దూలాల మీద బెంగుళూరు పెంకు, కింద కడప బండలు. కిటికీల మీద ఇటుకలను నిలువుగా పేర్చి కట్టిన కమానులు ఇప్పటికీ బీట వారలేదు. బాప్టిస్టు సంఘాలలో బలిపీఠం ఉండదు, వాక్యం చెప్పే వేదికకే పెద్దపీట. అందుకే ఆడవారు ఒక పక్క, మగవారు ఒక పక్క చాపల మీద కూర్చున్నా, వెనక వరుస వారికి కూడా బోధకుడి గొంతు మైకు లేకుండానే వినపడేలా ఆ గదిని కట్టారు. నీటిలో పూర్తిగా ముంచి ఇచ్చే బాప్తిస్మానికి ఏరు ఉండనే ఉంది కనుక లోపల తొట్టి కట్టలేదు. గంటకు బదులు చింతకొమ్మకు రైలు పట్టా ముక్క వేలాడేది. ఇక లోపలి గోడల నునుపు సంగతి చెప్పాలంటే, గానుగలో రుబ్బిన సున్నానికి కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు కలిపి పూసిన ఆ పూత, చేత్తో తడిమితే కోడిగుడ్డు పెంకులా చల్లగా తగులుతుంది. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, వారమంతా అదే మా బడి. ఆ గోడకు వీపు ఆనించి మార్కాపురం పలక మీద నేను ఓనమాలు దిద్దుకున్నాను.

ఈ కట్టడాల వెనక ఉన్న చరిత్ర చిన్నది కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరి పని మొదలుపెట్టాక, ఏళ్ల తరబడి ఫలితం కనపడక, ఈ తెలుగు మిషన్‌ను ఎత్తివేయాలా అన్న చర్చ అమెరికాలో 1853లో కూడా నడిచింది. మరుసటి ఏడు జనవరి 1న తెల్లవారుజామున అదే మిషన్‌కు చెందిన లైమన్ జ్యూయెట్ దంపతులు, మరి ముగ్గురు తెలుగువారు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. 1866లో మరో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టారు. పల్లెల్లో మాత్రం దారి వేసింది తోళ్ల పని చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య వంటివారు. 1876-78 కరవులో, సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఆరుగురు బోధకులు ఇచ్చారే గాని, క్లౌ ఒక్కరికీ స్వయంగా ఇవ్వలేదు. మావాళ్లను ఊరి బావిలో చేద వేయనివ్వని కాలంలో, అందరివీ పూరిళ్లే అయిన మా పల్లెలో ఇటుకతో లేచిన మొదటి గోడ ఈ మందిరానిదేనని మా తాత చెప్పేవారు.

మందిరం పాడైందన్నది అబద్ధం కాదు. కానీ అది వయసు వల్ల పాడు కాలేదు, మేము చేయించిన మరమ్మతు వల్ల పాడైంది. కొన్నేళ్ల క్రితం బయటి గోడలకు పాత సున్నం చెక్కించి సిమెంటు పూయించాం. మా నేలలో ఉప్పు ఎక్కువ. పునాది నుంచి పైకి పాకే నెమ్ము సున్నపు పూతలోంచి ఆవిరై పోతుంది. సిమెంటు దానికి అడ్డుపడితే ఆ తడి ఇంకా పైకెక్కి, ఉప్పు ఇటుకలోనే పేరుకుని, ఇటుకను పిండి చేస్తుంది. ఇప్పుడు నడుమెత్తు వరకు సిమెంటు పెచ్చులూడుతోంది, గోకితే ఇటుక ఎర్ర పొడిగా రాలుతోంది. దీన్ని చూపించి గోడలకు ఆయువు తీరిందంటున్నారు. సిమెంటు తీయించి, గోడలను ఒక వేసవి ఆరనిచ్చి, చెడిన ఇటుకలు మార్చి, మళ్లీ సున్నమే పూస్తే గోడలు నిలబడతాయి. చెద పట్టిన దూలాలు మార్చుకోవాలి. పెంకులు ఎలాగూ ఏటేటా సర్దుకోవలసినవే.

చోటు చాలడం లేదన్న మాటను నేను కాదనను. క్రిస్మస్ నాడు సగం మంది ఆడవారు బయట షామియానా కింద కూర్చుంటున్నారు. కొత్తది కట్టవలసిందే. అయితే ఉత్తరం వైపు సంఘానికి ఖాళీ స్థలం ఉండగా, పాతదాని నెత్తి మీదే ఎందుకు కట్టాలన్నదే నా ప్రశ్న. పాతదాన్ని ఆదివారపు పిల్లల బడికి, పెళ్లి మాటలకు, సంఘ కూటాలకు వాడుకోవచ్చు. లోపలి గోడలకు టైల్సు అతికిద్దామని కొందరు యువకులు రాజీమార్గం చెబుతున్నారు. అది సిమెంటు పూతకు అన్నగారు.

ప్రభుత్వానికీ ఒక మనవి. రాష్ట్రంలో చారిత్రక కట్టడాల రక్షణకు 1960 నుంచి చట్టం ఉంది. పల్లె మందిరాలన్నింటినీ రక్షిత కట్టడాలుగా ప్రకటించమని అడగడం లేదు. అలా చేస్తే వాడుకునేవారికే ఇబ్బంది. నూరేళ్లు దాటినవాటిని కనీసం ఒకసారి కొలిచి, పటం గీసి, ఫొటోలు తీసి, శిలాఫలకాల మీది రాతను నకలు చేసి జిల్లా కేంద్రంలో భద్రపరిస్తే చాలు. మా మందిరం ఫలకం మీద ఏటా వేసిన వెల్ల పొరలు గట్టిపడి, ఇప్పుడు మూడు అక్షరాలే కనపడుతున్నాయి. ఏటా డిసెంబరులో పెద్ద చర్చిల చిత్రాలు వేసే మీ పత్రిక, ఈసారి జిల్లా పేజీలో ఇలాంటి నాలుగు పల్లె గుడులకు కాస్త చోటివ్వాలని కోరుతున్నాను.

తీర్మానం అమలుపై సంఘం వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ కూర్చుంటుంది. సున్నం పని తెలిసిన ఒక పెద్ద మేస్త్రీని పక్క మండలంలో వెతికి పట్టుకున్నాను. పరంజా ఎక్కే ఓపిక లేదు గాని, గోడ మీద తట్టి చూసి సంగతి చెప్పడానికి ఆ రోజు వస్తానన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా.