విజ్ఞాన యాత్రకు ముందు ఒక మాట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పిల్లలు ఎదురుచూస్తున్న విజ్ఞాన యాత్రల సమయం వచ్చింది. ఈసారి కొన్ని మార్పులు చేశాం. ఒక రోజులో ఒక్క చోటే చూస్తాం. చిన్న చిన్న జట్లుగా లోపలికి వెళ్తాం. పిల్లలు ఫోన్లు తీసుకురాకూడదు. "అంత దూరం తీసుకెళ్లి ఒక్కటే చూపిస్తారా?" అని కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే, అందుకే ఈ ఉత్తరం.

పాత కట్టడాలను పాడుచేసేవాళ్లంటే మనకు గోడల మీద పేర్లు చెక్కేవాళ్లే గుర్తొస్తారు. మన పిల్లలు ఆ పని చేయరని నాకు గట్టి నమ్మకం. అయితే ఏ తప్పూ చేయనివాళ్ల వల్ల కూడా నష్టం జరుగుతుంది. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో సుమారు 17 వేల ఏళ్ల నాటి జంతువుల బొమ్మలున్నాయి. 1940లో బయటపడ్డ ఆ గుహను 1948లో అందరికీ తెరిచారు. కొన్నేళ్లకే రోజుకు వెయ్యిమందికి పైగా రాసాగారు. వాళ్లు చేసిందల్లా చూడటం, ఊపిరి పీల్చి వదలడం. ఆ ఊపిరిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్, ఒంటి వేడి, లోపల పెట్టిన దీపాలు అన్నీ కలిసి గోడలకు పచ్చటి నాచు పట్టింది. వేల ఏళ్లు చెక్కుచెదరని బొమ్మలు పదిహేనేళ్లలో ప్రమాదంలో పడ్డాయి. 1963లో గుహ మూసేశారు. 1983 నుంచి జనం చూస్తున్నది దగ్గర్లో కట్టిన నకలునే. అజంతాలో ఫ్లాష్ వద్దనడానికి, వాహనాలను దూరంగానే ఆపేయడానికి వెనక ఉన్నదీ ఇలాంటి భయమే.

ప్రకృతి కాస్త నయం, అవకాశమిస్తే కోలుకుంటుంది. థాయిలాండ్‌లోని ఒక ద్వీపంలో ఉన్న మాయా బే తీరంలో పడవల లంగర్లు, తొక్కిడి వల్ల పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. 2018లో మూసేసి, తిరిగి 2022 జనవరిలో తెరిచారు. ఆ మధ్యకాలంలో రెక్కల అంచులు నల్లగా ఉండే చిన్న సొరచేపలు మళ్లీ తీరానికి వచ్చాయి. ఇప్పుడు పడవలు ద్వీపం వెనక వైపు ఆగాల్సిందే.

ఇది చదివి ప్రయాణాలే మానుకోవాలనుకోకండి. రువాండాలో పర్వత గొరిల్లాలను చూడటానికి ఒక్కో గొరిల్లా గుంపు దగ్గరకు రోజుకు ఎనిమిది మందినే, ఒక్క గంటసేపే పంపిస్తారు. మన జలుబు కూడా వాటికి ప్రాణాంతకం కావచ్చు కాబట్టి దూరం పాటించాలి. పార్కుల ఆదాయంలో పదో వంతు చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తుంది, అంటే అడవి బతికి ఉంటేనే ఆ ఊళ్లకు లాభం. ఆఫ్రికాలో ఈ గొరిల్లాల సంఖ్య 2018 నాటికి వెయ్యి దాటింది. చూడటానికి వచ్చేవాళ్ల డబ్బు అందులో పెద్ద తోడ్పాటు. నన్నడిగితే యాత్ర అంటే ఇలా ఉండాలి.

ఒక చోటును కాపాడటమంటే అక్కడివాళ్ల మాట వినడం కూడా. ఆస్ట్రేలియాలోని ఉలురు అనే పెద్ద శిల అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రం. దాన్ని ఎక్కవద్దని వాళ్లు ఏళ్ల తరబడి కోరారు. 2019 అక్టోబరులో ఎక్కడం పూర్తిగా ఆపేశారు. ఈ సంగతి తరగతిలో చెబితే, "అడగగానే ఎందుకు ఆపలేదు?" అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న.

ఇక మీ సాయం కావాలి. బ్యాగులో స్టీలు సీసాలో నీళ్లు పెట్టండి, ప్లాస్టిక్ ప్యాకెట్లు వద్దు. ఫొటోలు ఎక్కువగా రాకపోతే నిరాశపడకండి. ఫోనుకు బదులు పెన్సిలు, నోటుపుస్తకం ఇస్తున్నాం. శిల్పాన్ని తాకకుండా పది నిమిషాలు చూసి గీసిన పిల్లవాడికి అది చాలాకాలం గుర్తుంటుంది. ఇంటికొచ్చాక "ఎన్ని చూశావు?" అని కాకుండా "ఏం గమనించావు?" అని అడగండి. సెలవుల్లో కుటుంబంతో వెళ్లినప్పుడూ కోతులకు, జింకలకు తిండి పెట్టనివ్వకండి, అక్కడి గైడునే పెట్టుకోండి.

అనుమతి పత్రాలు శుక్రవారంలోపు తరగతి ఉపాధ్యాయులకు అందజేయండి. సందేహాలుంటే సాయంత్రం బడి వదిలాక నన్ను కలవవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు