ఓటములే ఎక్కువైన తొలి కోచ్

సంపాదకునికి,

బాస్కెట్‌బాల్ సృష్టికర్త జేమ్స్ నైస్మిత్ గురించి మన క్రీడా పేజీల్లో వచ్చేదంతా 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయన రింగులుగా వాడిన పీచ్ పళ్ల బుట్టల దగ్గరే ఆగిపోతోంది. ఆ బుట్టలను మేకులతో బిగించిన బాల్కనీ అంచు నేలకు పదడుగుల ఎత్తులో ఉంది కాబట్టే నేటికీ రింగు ఎత్తు 3.05 మీటర్లు. వెనక బోర్డు పుట్టింది కూడా ఆటగాళ్ల కోసం కాదు. బాల్కనీలో కూర్చున్నవాళ్లు చేతులు చాచి బంతిని తోసేస్తుంటే అడ్డుపెట్టారంతే!

అసలు చెప్పాల్సింది ఆ తర్వాతి కథ. 1898లో వైద్య పట్టాతో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో చేరి, 1907 దాకా జట్టును నడిపారు. 55 గెలుపులు, 60 ఓటములు. అక్కడ గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయనొక్కరే. ఆటను ఆయన వ్యాయామంగానే చూశారు. ఎత్తుగడలు నేర్పడం మీద పెద్దగా ఆసక్తి లేదు. ఆ పని శిష్యుడు ఫాగ్ అలెన్ చేసి, కోచింగ్‌ను వృత్తిగా నిలబెట్టారు.

మనకూ ఓ లంకె ఉంది. 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల స్థాపించిన హ్యారీ క్రో బక్ చదివింది స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టు వెంట వెళ్లిందీ ఆయనే. ఆయన మీదా ఒక వ్యాసం వేయండి.

– ఒక పాఠకుడు